తర్వాత ఏం చదవాలో తోచట్లేదా? అనువాదకుల పేర్లు పట్టుకోండి

ఎప్పుడూ ఒకే రకం పుస్తకాలు చదువుతున్నాం అనిపించేవాళ్లకి నాకు బాగా పనిచేసిన పద్ధతి ఒకటి చెప్తాను. కేంద్ర సాహిత్య అకాడమీ 24 భాషలకు ఏటా అవార్డులు ఇస్తుందని అందరికీ తెలుసు, కానీ 1989 నుంచి అనువాదాలకు కూడా విడిగా బహుమతులు ఇస్తోంది, ఆ జాబితాని పెద్దగా ఎవరూ చూడరు. అందులో తెలుగు వరుస ఒక్కటి పాతవాటితో సహా రాసిపెట్టుకుంటే చాలు, కన్నడం, మలయాళం, బెంగాలీ, హిందీ ఇలా మనం మామూలుగా వెతకని భాషల నుంచి తెలుగులోకి వచ్చిన మంచి పుస్తకాలు దొరుకుతాయి. ఒక అనువాదం నచ్చిందంటే ఆ అనువాదకులు ఇంకేం చేశారో వెతకండి. నా మటుకు రచయిత పేరు కంటే ఇదే నమ్మకమైన దారి.

కొనడానికి చలికాలం సరైన సమయం. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్, విజయవాడల్లో పుస్తక ప్రదర్శనలు జరుగుతాయి కదా, అక్కడ అకాడమీ, నేషనల్ బుక్ ట్రస్ట్ స్టాళ్లకి ముందు వెళ్లండి, ధరలు కూడా అందుబాటులోనే ఉంటాయి. అయిపోయిన పాత ముద్రణల కోసమైతే ఆదివారం పొద్దున్నే హైదరాబాద్‌లోని ఆబిడ్స్ ఫుట్‌పాత్.

తెచ్చినవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. లావు నవలలు వేసవి సెలవులకి ఉంచుకుని, వానాకాలం సాయంత్రాలకి కథల సంపుటాలు పక్కన పెట్టుకోండి, కరెంటు పోయేలోపు ఒక కథైనా పూర్తవుతుంది.