ఇంట్లో అల్లం సోడా – 3వ పాఠం: ఏ సీసాకు ఎంత చక్కెర?

గత పాఠంలో అల్లం దంచి, నీళ్లలో మరిగించి, వడగట్టి చల్లార్చుకున్నాం. ఈసారి దానికి గ్యాసు పట్టించాలి. సోడా కొట్టులో ఆ పని యంత్రం చేస్తుంది. మనకు బేకరీ సామాన్ల కొట్లో దొరికే పొడి ఈస్టు చేసిపెడుతుంది. మూత బిగించిన సీసాలో అది చక్కెర తిని బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. బయటికి దారి లేక ఆ వాయువు నీళ్లలోనే కరుగుతుంది. ఇంట్లో బీరు చేసుకునేవారు సీసాల్లో నురగ పట్టించేదీ ఇలాగే.

మొదటిసారి నేను చేసిన తప్పు మీరు చేయకండి. కావలిలో మా ఇంట్లో ఉన్న కూల్‌డ్రింకు సీసాలన్నీ కడిగి, సీసాకొక టీచెంచా చక్కెర వేశాను. మూడో రోజు పావు లీటరు సీసా మూత తిప్పగానే సగం సోడా గోడ మీదికి చిమ్మింది. రెండు లీటర్ల సీసాలో బుడగ కూడా లేదు. చెంచా ఒకటే, కానీ చిన్న సీసాలోని నీళ్లకు పెద్దదానికంటే ఎనిమిది రెట్ల చిక్కగా చక్కెర పడింది.

కాబట్టి చక్కెరను సీసాకు ఇంత అని కాదు, లీటరుకు ఇంత అని కొలవాలి. లీటరు నీళ్లలో 4 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే దాదాపు లీటరు వాయువు పుడుతుంది. మన సోడాకు రెండు లీటర్ల వాయువు చాలు, అంటే లీటరుకు 8 గ్రాములు. పావు లీటరు సీసాకు 2, అర లీటరుకు 4, ముప్పావు లీటరుకు 6, రెండు లీటర్లకు 16 గ్రాములు. చదును చేసిన టీచెంచాలో సుమారు 4 గ్రాములు పడుతుంది. బీరుకైతే 6 నుంచి 8 గ్రాములు వేస్తారు, ఎందుకంటే పులిసిన బీరులో అప్పటికే కొంత వాయువు ఉంటుంది. మనం మరిగించిన నీళ్లలో ఏమీ ఉండదు. ఈ చక్కెరతో సోడాలో సుమారు అర శాతం ఆల్కహాలు కూడా చేరుతుంది. అది వద్దనుకునేవారు, పిల్లలు ఈ సోడా తాగకూడదు.

సీసా సీసాకూ తూచడం కంటే మేలైన దారి ఉంది. ఒక రెండు లీటర్ల సీసా, రెండు ముప్పావు లీటరువి, నాలుగు పావు లీటరువి ఉన్నాయనుకోండి. మొత్తం నాలుగున్నర లీటర్లు, అంటే 36 గ్రాముల చక్కెర. దాన్ని గ్లాసెడు అల్లం నీళ్లలో మరిగించి, చల్లార్చి, మిగతా నీళ్లున్న గిన్నెలో కలపండి. పావు చెంచా ఈస్టు వేసి నెమ్మదిగా తిప్పండి. తర్వాత ఏ సీసా నింపినా దాని వాటా దానికి సరిగ్గా వెళ్తుంది. మూత కింద రెండు వేళ్ల ఖాళీ వదలండి. సగం నింపిన సీసాలో వాయువు పై ఖాళీలోకి చేరి సోడా చప్పబడుతుంది.

సీసాల విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను. కూల్‌డ్రింకు వచ్చిన ప్లాస్టిక్ సీసాలే వాడండి, పలచటి మంచినీళ్ల సీసాలు వద్దు. చెయ్యి తిరిగేదాకా గాజు ముట్టుకోవద్దు. లోపలి ఒత్తిడి ఒకటే అయినా, సీసా వెడల్పయ్యే కొద్దీ గోడ మీద లాగుడు పెరుగుతుంది. గోడ మందం ఒకటే అయితే ముందు పగిలేది పెద్దదే. 1872లో హైరమ్ కాడ్ పేటెంటు పొందిన గోలీ సోడా సీసా ఎంత ముద్దొచ్చినా ఇక్కడ పనికిరాదు. గ్యాసు తోస్తేనే గోలీ మూతలా బిగుస్తుంది, మన సీసాలో మొదట గ్యాసే ఉండదు.

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. నెల్లూరు, ఒంగోలు వేసవిలో సీసాలను డాబా మీద, వంటగది కిటికీ దగ్గర పెట్టకండి. వేడికి వాయువు నీళ్లను వదిలి పైకొచ్చి ఒత్తిడి పెంచుతుంది. ఇంట్లో చల్లటి మూల, మూత ఉన్న పెట్టెలో పెట్టి రోజూ నొక్కి చూడండి. రెండు మూడు రోజుల్లో సీసా రాయిలా బిగుస్తుంది. అప్పుడు ఫ్రిజ్‌లోకి మార్చండి. చిన్నవాటికి కొన్ని గంటలు చాలు, రెండు లీటర్లదాన్ని రాత్రంతా ఉంచాలి.

నిమ్మరసం సీసాలో పోయకండి. పులుపుకు ఈస్టు మందగిస్తుంది, నిల్వ ఉన్న రసం చేదెక్కుతుంది. గ్లాసులో ఉప్పు వేసి, గూడూరు నిమ్మకాయో పొదలకూరు కాయో పిండి, పైనుంచి సోడా పోయండి. పెద్ద సీసాను వంచిన ప్రతిసారీ అడుగున చేరిన ఈస్టు కదిలి చివరి గ్లాసులు మసకబారతాయి. అందుకే నలుగురు వచ్చిన రోజున నేను నాలుగు చిన్న సీసాలే తీస్తాను.

ఒక పావు లీటరు సీసాను తెరవకుండా ఫ్రిజ్‌లో ఉంచండి. దాని అడుగున పేరుకున్న ఈస్టుతో వచ్చే పాఠంలో పని ఉంది.