అప్‌డేట్ చేశాక పాత సీ కోడ్ మొరాయిస్తోందా?

నిన్నటిదాకా బుద్ధిగా కంపైలైన సీ ప్రోగ్రామ్, ప్యాకేజీలు అప్‌డేట్ చేయగానే తెరనిండా ఎర్రర్లు కక్కుతుంటే టెన్షన్ పడి కోడ్ కెలక్కండి. ముందు జీసీసీ (సీ కోడ్‌ను కంపైల్ చేసే కంపైలర్) వెర్షన్ ఎంతో చూడండి. 14 గానీ, ఆపైన గానీ అయితే సగం జవాబు దొరికినట్టే. 2024 మే నెలలో వచ్చిన ఆ వెర్షన్ నుంచి, అంతకుముందు వార్నింగ్‌తో వదిలేసే కొన్ని తప్పులు నేరుగా ఎర్రర్లయ్యాయి.

ఎర్రర్లను పైనుంచి చదవండి. మొదటిదే అసలుది, కిందవి చాలావరకు దాని పిల్లలే. అందులో ‘ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ ఫంక్షన్’ అని ఉంటే మామూలుగా హెడర్, అంటే ఆ ఫంక్షన్‌ను కంపైలర్‌కు పరిచయం చేసే ఫైల్, మర్చిపోయినట్టు. నా పాత ఫైల్లో స్ట్రింగ్ పొడవు కొలిచే ‘ఎస్‌టీఆర్‌లెన్’ వాడాను గానీ, ‘స్ట్రింగ్ డాట్ హెచ్’ చేర్చలేదు. ఏ హెడర్ కావాలో జీసీసీయే కింద నోట్‌లో చెప్పింది, చదివే ఓపిక నాకే లేదు!

కోడ్ మనది కాకపోతే కంపైల్ కమాండ్‌లో ‘-fpermissive’ (ఎఫ్‌పర్మిసివ్) ఫ్లాగ్ ఇవ్వండి, ఆ ఎర్రర్లు మళ్లీ వార్నింగ్‌లవుతాయి. తాత్కాలికంగా మాత్రమే సుమా.

అలా కాకుండా పాత వెర్షన్ నంబరున్న ఫోల్డర్ దొరకడం లేదని ఎర్రర్ వస్తుంటే, మీరు సీమేక్ (ప్రాజెక్టు బిల్డ్‌ను సిద్ధం చేసే టూల్) వాడుతున్నట్టయితే, బిల్డ్ ఫోల్డర్ తీసేసి దాన్ని మళ్లీ నడపండి. కంపైలర్ ఎక్కడుందో సీమేక్ ఆ ఫోల్డర్‌లోని క్యాష్‌లో దాచుకుంటుంది.