మీ క్యాథలిక్ విచారణలో (పారిష్‌లో) సేవ చేయాలనుందా? ఇలా మొదలుపెట్టండి

ఆదివారం పూజ అయ్యాక గుడి వాకిట్లో "ఫాదర్ గారూ, నాకూ ఏదైనా పని చెప్పండి" అని అడిగేవాళ్లు తక్కువేం కాదు. "అలాగేనమ్మా, చెప్తాను" అంటారాయన. ఆ మాట అక్కడే ఆగిపోతుంది. ఏ పని, ఏ రోజు, ఎంతసేపు అన్నది ఇద్దరికీ తెలియదు మరి.

కాబట్టి ముందు మీ తీరిక చూసుకోండి. నైట్ డ్యూటీ చేసేవాళ్లు తెల్లవారి పూజలో కొయర్‌కి (పాటల బృందానికి) ఒప్పుకుంటే రెండో వారానికే చేతులెత్తేస్తారు. "నెలకు రెండు ఆదివారాలు పూజలో బైబిలు పఠనం చదవగలను" అని అడిగి చూడండి, పని వెంటనే దొరుకుతుంది.

పఠనమైతే శనివారం రాత్రే తీసి రెండుసార్లు పైకి చదవండి. కష్టమైన పేర్ల కింద పెన్సిల్‌తో గీత గీసుకోండి. మొదటిసారి నాకు 'తెస్సలోనీకయులకు' దగ్గర నాలుక మడతపడింది, వెనక బెంచీ పిల్లలు కిసుక్కుమన్నారు. పూజకు పావుగంట ముందే వెళ్లి పఠన గ్రంథంలో రిబ్బన్ సరైన పేజీలో ఉందో లేదో చూడండి. మైకు మీ ఎత్తుకు దించుకోండి. వాక్యం చివరి మాట మింగకండి, మనవాళ్లలో సగంమంది చేసే తప్పు అదే. ఆడవాళ్లు చాలా విచారణల్లో ఎప్పటినుంచో చదువుతున్నారు. 2021 జనవరిలో ఫ్రాన్సిస్ పోపు గారు చట్టం మార్చి, పఠన సేవను వాళ్లకూ అధికారికంగా ఇవ్వవచ్చన్నారు.

మైకంటే టెన్షనా? ఇళ్లకు వెళ్లి పలకరించే పనికి రండి. 1921లో డబ్లిన్‌లో పుట్టిన మరియ దళం (లీజియన్ ఆఫ్ మేరీ) అనే సేవా సంఘంలో సభ్యులు ఇలా ఇద్దరిద్దరుగా వెళ్తారు. వాళ్ల నియమం ప్రకారం డబ్బు, సరుకులు ఇవ్వకూడదు. అలాంటి సాయం విన్సెంట్ డి పాల్ సంఘం చూసుకుంటుంది. ఇది తెలియక దళంలో చేరి, బియ్యం మూట ఎందుకు ఇవ్వరని అలిగినవాళ్లున్నారు.

జబ్బుపడ్డవాళ్ల దగ్గరికి ఫోన్ చేసి వెళ్లండి. మంచం పక్కన కుర్చీ వేసుకుని వాళ్లు చెప్పేది వినండి. మీ మేనత్తకూ ఇదే జబ్బు వచ్చిందన్న కథ మాత్రం వద్దు. అరగంటలో లేచేయండి. సత్ప్రసాదమో (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం), అభ్యంగనమో (జబ్బుపడ్డవాళ్లకు ప్రార్థనతో పూసే పవిత్ర తైలం) కావాలంటే ఆ రోజే ఫాదర్ గారి చెవిన వేయండి.

పిల్లలకు సత్యోపదేశం (మత పాఠాలు) చెప్పేవాళ్లు ఇంకో పెద్దవాళ్లను తోడు పెట్టుకోండి, గది తలుపు తెరిచే ఉంచండి.

లెక్కలు తెలిసినవాళ్లకూ పనుంది. 1983 చర్చి చట్టం ప్రకారం ప్రతి విచారణకూ ఆర్థిక సమితి ఉండాలి. ఆదివారం కానుకలు ఎంత నమ్మకస్తులైనా ఒక్కరే లెక్కించకూడదు. ఇద్దరు ముగ్గురు కూర్చుని, నోట్లు విడివిడిగా రాసి, అందరూ సంతకం పెట్టాలి. ఇది అనుమానంతో పెట్టిన పద్ధతి కాదు. రేపు ఎవరైనా మాటంటే మిమ్మల్ని కాపాడేది ఆ కాగితమే.

ఏదీ తేల్చుకోలేకపోతే పండుగ రోజుల్లో ఒక్క పూట చేసి చూడండి. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు గుణదల మాత తిరునాళ్లలాంటి చోట నీళ్లందించడానికీ, క్యూలో ముసలివాళ్లను నడిపించడానికీ చేతులు ఎన్నున్నా చాలవు.

ఒప్పుకున్న ఆదివారం రాలేకపోతే శనివారం సాయంత్రంలోపే చెప్పండి, మీ బదులు ఇంకొకరిని చూసుకుంటారు.