ఉక్కులో పగులుకు నమూనా: ముందు కాగితం, తరువాత మెష్

ఉక్కులోని పగులును అతిధ్వని తరంగాలతో వెతికే పరీక్షకు కంప్యూటర్ నమూనా కట్టేటప్పుడు నేను మొదట సాఫ్ట్‌వేర్ తెరవను. పగులు నుంచి ఏ సంకేతం ఏ క్షణానికి రావాలో కాగితం మీద రాసుకుంటాను. ఈ అలవాటు లేని రోజుల్లో తెర మీద కదిలిన ప్రతి గీతా పగులే అనుకుని మురిసిపోయినవాణ్ని.

20 మి.మీ. మందం ఉన్న ఉక్కు పలక తీసుకుందాం. అందులో నిట్టనిలువుగా 4 మి.మీ. పగులు, పై కొస 10 మి.మీ. లోతున, కింది కొస 14 మి.మీ. లోతున ఉన్నాయి. పలక మీద పగులుకు చెరో పక్క 15 మి.మీ. దూరంలో రెండు ప్రోబులు, ఒకటి పంపడానికి, ఒకటి వినడానికి. అనుదైర్ఘ్య తరంగ (కణాలు తరంగం సాగే దిశలోనే కంపించేది) వేగం సెకనుకు సుమారు 5900 మీటర్లు. ఇక పైథాగరస్ చాలు: ఉపరితలం వెంట నేరుగా వచ్చేది 5.08 మైక్రోసెకన్లకు, పై కొస నుంచి 6.11కు, కింది కొస నుంచి 6.96కు, అడుగు తలం నుంచి 8.47కు చేరాలి.

మెష్‌కు (లెక్క కోసం పలకను చిన్న గడులుగా విడగొట్టిన వలకు) మాత్రం తిర్యక్ తరంగమే, అంటే కణాలు అడ్డంగా కంపించేదే, కొలబద్ద. కొసను తాకాక కొంత శక్తి ఆ రూపంలోకి మారుతుంది. దాని వేగం సుమారు 3230 మీటర్లే కనుక 5 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం 0.65 మి.మీ. దాన్ని ఇరవై భాగాలు చేస్తే ఎలిమెంట్ (వలలోని ఒక్కో గడి) దాదాపు 0.03 మి.మీ. వస్తుంది. వేగంగా పోయే తరంగం అంత దూరాన్ని 5 నానోసెకన్లలో దాటుతుంది కాబట్టి లెక్కలో ఒక్కో కాలపు అడుగు 4 నానోసెకన్లు పెడతాను.

పగులును సన్నని గాడిగా చెక్కి మెత్తని పదార్థంతో నింపేవారున్నారు, నాకు నచ్చదు. పగులు గీత మీది నోడ్లను (గడులు కలిసే బిందువులను) రెండేసిగా చీల్చి, ఇరు ముఖాలనూ స్వేచ్ఛగా వదలండి. సరిగ్గా కొసల మీది నోడ్లను చీల్చవద్దు. పలక రెండు చివర్లలో తరంగాన్ని పీల్చుకునే పొరలు ఉండాలి. పైన, కింద వద్దు, అవి నిజమైన తలాలు.

పంపే స్పందనం (పల్స్) పొట్టిగా ఉండాలి. నేను మొదట ఐదు ఆవృత్తులు పంపాను. అది ఒక మైక్రోసెకను పొడవు. రెండు కొసల సంకేతాల మధ్య తేడా 0.85 మైక్రోసెకన్లు మాత్రమే. రెండూ కలిసి ఒకే ముద్దగా కనిపించాయి. రెండు ఆవృత్తులకు తగ్గించాకే విడిపోయాయి.

అదే మెష్‌ను పగులుతో ఒకసారి, నోడ్లు చీల్చకుండా ఒకసారి నడిపి, రెండోదాన్ని మొదటి దానిలోంచి తీసివేయండి. మిగిలేదే పరిక్షేపణం, అంటే పగులు చెదరగొట్టిన తరంగం. రెండు కొసల సంకేతాలూ ఒకదానికొకటి వ్యతిరేక దశలో ఉండాలి. లేకపోతే మీ మెష్‌ను అనుమానించండి. 8.64 మైక్రోసెకన్ల దగ్గర ఇంకొక సంకేతం బయటపడుతుంది. అడుగు తలం ప్రతిధ్వనికి తోక అనుకుని నేను చాలాకాలం వదిలేసినది అదే: పై కొస దాకా అనుదైర్ఘ్యంగా వెళ్లి, తిర్యక్‌గా తిరిగొచ్చిన తరంగం.

కిర్కాఫ్ ఉజ్జాయింపుతో (పగులు ముఖంలోని ప్రతి బిందువునూ అంతులేని చదును తలంలో భాగంగా భావించే సులువు లెక్కతో) పని త్వరగా తేలుతుంది కదా అంటారు. తరంగానికి ఎదురుగా నిలిచి అద్దంలా పరావర్తనం చేసే పెద్ద పగులుకైతే సరే. ఇక్కడ ఉన్నదంతా కొసల వివర్తనమే (కొసల దగ్గర తరంగం వంగి చెదరడమే), దాన్ని నమ్మలేం.

ముఖాలు ఒత్తిడికి మూసుకున్న పగులైతే, చీల్చిన నోడ్ల జతల మధ్య స్ప్రింగులు పెట్టండి. వాటి బిగువు పెంచేకొద్దీ 6.11, 6.96 దగ్గరి కొసల సంకేతాలు రెండూ సన్నగిల్లుతాయి.