చిత్తూరు, తిరుపతి వైపు వంశవృక్షం రాసుకోవాలంటే

ఇంటిపేరు కలిసిన ప్రతివాళ్లూ దాయాదులు కారు. వంశవృక్షం రాయబోయేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఇంటిపేరు, గోత్రం, ఇలవేల్పు, పూర్వీకుల ఊరు, ఈ నాలుగూ కలిస్తేనే ఒకే వంశం అనుకోవచ్చు. ఒక్కటి తేడా వచ్చినా ఆ కొమ్మను విడిగా రాసి పెట్టుకోండి, తొందరపడి కలపొద్దు.

కాగితాల కంటే ముందు పెద్దవాళ్లను అడగాలి, వాళ్లలోనూ ముందు అవ్వలను. ఆడమనిషికి పుట్టినిల్లూ తెలుసు, మెట్టినిల్లూ తెలుసు. "అవ్వా, నీ పుట్టింటి ఇంటిపేరేంది? మీ అమ్మది ఏ ఊరు? ఇలవేల్పుకు పొంగళ్లు ఏ గుడికాడ పెట్టేవాళ్లు?" అని అడగండి. తేదీ అడిగితే గుర్తుకు రాదు. "తాత పోయేనాటికి నాయనకు పెళ్లయిందా?" అంటే వెంటనే చెప్తారు. తద్దినాలు పెట్టే ఇళ్లలో మూడు తరాలు తేలిగ్గా దొరుకుతాయి. తండ్రిని వసురూపుడిగా, తాతను రుద్రరూపుడిగా, ముత్తాతను ఆదిత్యరూపుడిగా పేరుపేరునా తలుస్తారు కదా. పెళ్లి ప్రవరలో వినిపించే "నప్త్రే, పౌత్రాయ, పుత్రాయ" కూడా అంతే: ఫలానావారి మునిమనవడు, ఫలానావారి మనవడు, ఫలానావారి కొడుకు అని.

మన సీమలో మేనరికాలు ఎక్కువ. అక్క కూతురిని చేసుకున్న మేనమామ వృక్షంలో రెండు చోట్ల వస్తాడు. పేరు రెండుసార్లు రాస్తే, తర్వాత చదివేవాళ్లకు ఇద్దరు మనుషులవుతారు. ప్రతి మనిషికీ ఒక అంకె ఇవ్వండి, రెండోచోట పేరు రాయకుండా ఆ అంకె మాత్రమే వేయండి.

ఇంటిపేరులో ఊరు దాగి ఉంటే దాన్ని బయటికి తీసే దారి వ్యాకరణంలోనే ఉంది. చివర "ఊరి" ఉంటే "ఊరు" చేయండి, "పాటి" ఉంటే "పాడు" చేయండి. కల్లూరి వారిది కల్లూరు, గుడిపాటి వారిది గుడిపాడు. అయితే కల్లూరు చిత్తూరు వైపూ ఉంది, కర్నూలు దగ్గరా ఉంది, ఖమ్మం వైపూ ఉంది. పేరు కుదిరిందని ఊరు ఖాయం చేయకూడదు. అన్ని ఇంటిపేర్లూ ఊళ్లవీ కావు. తిరుమల శ్రీవారి మిరాశీ (వంశపారంపర్య హక్కున్న) అర్చక కుటుంబాలు నాలుగింటి ఇంటిపేర్లు పైడిపల్లి, గొల్లపల్లి, పెద్దింటి, తిరుపతమ్మ. మొదటి రెండూ ఊరిపేర్లలా ఉన్నాయి, మూడోది ఇంటిని చెప్తోంది, నాలుగోది మనిషి పేరే.

నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇంకో చిక్కుంది. తమిళ అలవాటు ప్రకారం చాలామంది తండ్రి పేరులోని మొదటి అక్షరాన్నే ఇనిషియల్‌గా పెట్టుకుంటారు. "కె. మునస్వామి"లోని "కె" ఇంటిపేరు కావచ్చు, తండ్రి కృష్ణయ్య కావచ్చు. అన్నదమ్ముల ఇనిషియల్, తండ్రి ఇనిషియల్ పక్కపక్కన పెట్టి చూడండి. తండ్రికీ కొడుకులకూ ఒకటే అయితే అది చాలావరకు ఇంటిపేరే. అన్నదమ్ములకు ఒకటై, తండ్రికి వేరైతే అది తండ్రి పేరు.

ఇక కాగితాలు. అన్నిటికన్నా విలువైంది పాత భాగపరిష్కార దస్తావేజు, అంటే అన్నదమ్ములు ఆస్తి పంచుకున్న కాగితం. అన్నదమ్ములంతా, వాళ్ల తండ్రి, ఊరు, తాలూకా, సర్వే నెంబర్లు ఒక్కచోట ఉంటాయి. "లేటు మునెప్ప కుమారుడు" అని రాసి ఉంటే ఆ తేదీకి ముందే మునెప్ప పోయాడన్నమాట. ఆ ఒక్క మాట నుంచి ఒక తరానికి కాలం దొరుకుతుంది. దస్తావేజు ఇంట్లో లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పేర్ల ఇండెక్సు వెతికించి నకలు తీసుకోండి. సర్వే నెంబరు తెలిశాక తహశీల్దారు ఆఫీసులో పాత అడంగళ్లకు (ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసే ఊరి లెక్క), సెటిల్‌మెంటు రిజిస్టరుకు దరఖాస్తు పెట్టండి. వాటిలో ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం ఉంటుంది. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే దానికి 590 కలపాలి. ఫసలీ జులై 1న మొదలవుతుంది కాబట్టి 1320 ఫసలీ అంటే 1910 జులై నుంచి 1911 జూన్ వరకు. "క్రోధి నామ సంవత్సరం" అని మాత్రమే ఉంటే జాగ్రత్త, అది 1904లోనూ వచ్చింది, 1964లోనూ వచ్చింది.

ఏ జిల్లా రికార్డు అడుగుతున్నారో ముందే తేల్చుకోండి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు తిరుపతి ఉన్న చంద్రగిరి తాలూకా ఉత్తర ఆర్కాటుది, మదనపల్లె కడపది. సత్యవేడు 1960లో మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చింది, తిరుత్తణి అటు పోయింది. గూడూరు, వెంకటగిరి 2022 దాకా నెల్లూరులో ఉన్నాయి. ఉత్తర ఆర్కాటు పాత రికార్డులకు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీందారీ ఊళ్లలో రైతు పేరున సర్కారు పట్టా 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతిదే. అంతకు వెనక్కి కావాలంటే దస్తావేజులే ఆధారం.

పేరు చివరి రెడ్డి, నాయుడు, శెట్టి ఇంటిపేర్లు కావు, వాటిని ఆ గడిలో రాయొద్దు. కరణం, తలారి లాంటివి మాత్రం పదవి నుంచి ఇంటిపేరుగా స్థిరపడినవి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినా పేర్లు నిలిచాయి. అర్చక, గ్రామ సేవ ఇనాములు (సేవకు బదులుగా ఇచ్చిన మాన్యం భూములు) ఉన్న కుటుంబాలైతే ఇనాం ఫెయిర్ రిజిస్టరు తప్పక చూడాలి. 1858లో మొదలైన ఇనాం కమిషన్ విచారణ నుంచి పుట్టిన రికార్డు అది. మొదట ఎవరికిచ్చారో, అప్పటికి ఎవరి అనుభవంలో ఉందో రాసి ఉంటుంది. పాళెగాళ్ల వంశమని చెప్పుకునే ఇళ్లు బంగారుపాళెం, పులిచర్ల వైపు కనిపిస్తాయి. ఆ గౌరవం నిజమే అయి ఉండొచ్చు. కానీ మధ్యలోని ప్రతి తరానికీ పేరు, ఆధారం దొరకనిదే గీత గీయకండి.

తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. "పెద", "చిన" చూసి అన్నదమ్ములనుకోవడం కూడా పొరపాటే. తాళ్లపాక అన్నమాచార్యుల కొడుకు పెద తిరుమలాచార్యులు, ఆయన కొడుకు చిన తిరుమలాచార్యులు. వీళ్లు తండ్రీకొడుకులు. వృక్షం పూర్తయ్యాక తండ్రికీ కొడుక్కీ మధ్య వయసు తేడా ఒక్కొక్కటే లెక్క వేయండి. పదిహేనేళ్ల లోపు వస్తే ఎవరి కొడుకునో ఇంకొకరికి తగిలించారు. అరవై దాటితే మధ్యలో ఒక తరం జారిపోయి ఉండొచ్చు. అలాంటి చోట నిండు గీత చెరిపి చుక్కల గీత వేసి, పక్కనే ఏ కాగితం చూడాలో రాసుకోండి.