పల్సార్లలో చాలావరకు మనకెందుకు కనిపించవు? బంతి, టార్చిలతో చేసి చూపించడం ఎలా?

పల్సార్ అంటే తిరుగుతూ రెండు వైపులా రేడియో తరంగాల పుంజాలు విసిరే న్యూట్రాన్ తార, అంటే పేలిపోయిన పెద్ద నక్షత్రం మిగిల్చిన చిక్కటి ముద్ద. పల్సార్ అనగానే అందరూ లైట్‌హౌస్ బొమ్మ గీసేస్తారు. తప్పంతా అక్కడే మొదలవుతుంది. లైట్‌హౌస్ దీపం నేలకు సమాంతరంగా తిరుగుతుంది కాబట్టి చుట్టూ ఉన్న ఓడలన్నిటికీ కనిపిస్తుంది. పల్సార్ పుంజం అలా తిరగాలన్న నియమమేమీ లేదు. 1967లో కేంబ్రిడ్జ్‌లో జోసెలిన్ బెల్ పట్టుకున్న మొదటి పల్సార్ నుంచి 1.337 సెకన్లకోసారి రేడియో స్పందన (పల్స్) వచ్చిందంటే, దాని పుంజం తిరిగే దారిలో మనం ఉన్నాం కాబట్టే. ఆ దారిలో లేని దిక్కులే ఎక్కువ. అది కళ్లకు కట్టాలంటే వీడియోలు చాలవు, చేత్తో తిప్పి చూడాల్సిందే.

కావలసినవి: పెద్ద థర్మోకోల్ బంతి, సన్నటి నిటారు కర్ర, రెండు కీచైన్ టార్చిలు, నల్ల చార్టు, దారం, రబ్బరు బ్యాండు, పొడవాటి సూది, చిన్న చిన్న తెల్ల కాగితం ముక్కలు, చీకటి చేయగలిగే గది. లేజర్ మాత్రం వద్దు, కళ్లకు ప్రమాదం.

మొదట కర్ర ఎక్కడ దిగి ఎక్కడ బయటికి రావాలో బంతి మీద రెండు ధ్రువాలుగా గుర్తు పెట్టుకోండి. కర్ర ఇప్పుడే గుచ్చకండి. నల్ల చార్టును గొట్టంలా చుట్టి టార్చి మూతికి తొడగండి. మీటరు దూరంలో వెలుగు మచ్చ 17, 18 సెంటీమీటర్లకు మించకుండా గొట్టం పొడవు సరిచూసుకోండి. అంటే పుంజం వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. సెకనుకోసారి తిరిగే అసలు పల్సార్ల పుంజం కూడా ఇంచుమించు అంతే.

ఇక అసలు మెలిక. టార్చి రంధ్రం కర్రకు ఏటవాలుగా ఉండాలి. న్యూట్రాన్ తారకు తిరిగే అక్షం ఒకటి, అయస్కాంత అక్షం ఇంకొకటి. రేడియో పుంజాలు బయలుదేరేది అయస్కాంత ధ్రువాల నుంచి. ఆ రెండు అక్షాల మధ్య కోణం లేకపోతే మెరుపే ఉండదు. సైన్స్ ప్రదర్శనల్లో చూస్తుంటాను, పదింట తొమ్మిది నమూనాల్లో టార్చిని బంతి నడుముకు అతికించేస్తారు. అది లైట్‌హౌసే అవుతుంది. చూసేవాళ్లంతా చుట్టూ ఒకే ఎత్తులో నిలబడతారు కాబట్టి అందరికీ మెరుపు కనిపిస్తుంది, పల్సార్లన్నీ మనకు కనిపిస్తాయన్న అపోహ పిల్లల మనసులో పాతుకుపోతుంది.

కోణం 45 డిగ్రీలు పెట్టండి. వేరే కోణాలూ పనికొస్తాయి గానీ మొదటిసారికి ఇదే సరైనది. కోణమానినితో గుండ్రటి బంతి మీద తంటాలు పడొద్దు. రెండు ధ్రువాల మీదుగా రబ్బరు బ్యాండు వేయండి. ఒక ధ్రువం నుంచి రెండోదాని దాకా బంతి మీదుగా దారం కొలిచి, దాన్ని నాలుగు మడతలు పెట్టండి. ఒక మడత పొడవే 45 డిగ్రీలు. బ్యాండు వెంబడి ఒకవైపు పై ధ్రువం నుంచి ఒక మడత కిందికి, అవతలివైపు కింది ధ్రువం నుంచి ఒక మడత పైకి గుర్తు పెట్టండి. ఇప్పుడు సూదిని ఒక గుర్తులో గుచ్చితే సరిగ్గా రెండో గుర్తులో తేలాలి. తేలకపోతే తీసి మళ్లీ గుచ్చండి, ఇక్కడ తొందర పనికిరాదు. సూది దారి కుదిరాకే, సూది తీసేసి కర్ర దింపాలి. ముందే దింపితే సూదికి అడ్డం వస్తుంది. సూది రంధ్రాల్ని టార్చి పట్టేంత వెడల్పు చేసి, మూతి బయటికి ఉండేలా టార్చిలు దూర్చండి. రెండు టార్చిలూ చెరోవైపు నుంచి కర్ర దాకా వచ్చి ఆగాలి.

కాగితం ముక్కల్ని గోడలకే కాదు, పైకప్పుకూ నేలకూ కూడా, బంతి నుంచి చూస్తే అన్ని దిక్కులా సమానంగా ఉండేలా అతికించండి. ఒక్కో ముక్క ఒక్కో భూమి అనుకోండి. గది మధ్యలో, నేలకూ పైకప్పుకూ నడుమ బంతిని ఉంచి, కర్రను నిటారుగా పట్టుకుని తిప్పండి. మామూలు గదిలో ఒక వెలుగు మచ్చ పైకప్పు మీద, ఇంకొకటి నేల మీద గుండ్రంగా తిరుగుతుంది. చుట్టూ నిలబడ్డవాళ్ల ముఖాల మీద ఒక్క మెరుపూ పడదు. కర్రకు నేరుగా పైనున్న కాగితానికీ అంతే.

మెరుపు పడ్డ ముక్కల్ని లెక్కపెట్టండి. ఈ కోణానికి, ఈ వెడల్పుకి రెండు పుంజాలూ కలిసి తుడిచేది మొత్తం దిక్కుల్లో 12 శాతమే. ఇప్పటికి దొరికిన పల్సార్లు మూడు వేల పైచిలుకు. మనవైపు తిరగనివి వాటికి ఎన్నో రెట్లు ఎందుకుంటాయో ఇక వేరే చెప్పనక్కర్లేదు. వేగంగా తిరిగేవాటి పుంజం వెడల్పు కాబట్టి అవి తప్పించుకోవడం తక్కువ. కొన్ని పల్సార్లు విసిరే గామా కిరణాల పుంజం రేడియో పుంజం కంటే విశాలంగా విచ్చుకుంటుంది. అందుకే జెమింగా అనే పల్సార్ లాంటివి రేడియోలో చడీచప్పుడు లేకపోయినా గామా కిరణాల్లో దొరికాయి. 2008లో పైకి వెళ్లిన ఫెర్మి అనే గామా కిరణాల టెలిస్కోపు అలాంటివాటిని ఇంకా చాలా పట్టుకుంది.

చివరిగా, బంతిని తిప్పుతూనే కర్రను మెల్లగా పక్కకు వంచండి. అప్పటిదాకా మెరిసిన కాగితాలు కొన్ని చీకట్లోకి పోతాయి. ఇది నిజంగానే జరిగింది. 2003లో దొరికిన జంట పల్సార్లలో నెమ్మదిగా తిరిగేదాని అక్షం ఏడాదికి దాదాపు 5 డిగ్రీల చొప్పున జరుగుతూ వచ్చి, 2008లో దాని రేడియో పుంజం మనల్ని దాటిపోయింది. పల్సార్ అక్కడే ఉంది, తిరుగుతూనే ఉంది.

దూరం వల్ల మసకబారడం, నక్షత్రాల మధ్య వాయువు వల్ల స్పందనలు సాగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం కూడా పల్సార్లను దాచేస్తాయి. టార్చికి బటర్ పేపర్ అడ్డం పెట్టి అదీ చూపిస్తామంటారు కొందరు. దానివల్ల వెలుగు తగ్గుతుందే గానీ, స్పందన కాలంలో సాగడం కనపడదు. ఆ సంగతి గ్రాఫు గీసి విడిగా చెప్పండి.