జిగ్బీ సెన్సర్లు ఊరికే ఆఫ్‌లైన్ అవుతుంటే

జిగ్బీ అంటే ఇంట్లోని స్మార్ట్ సెన్సర్లు, ప్లగ్గులు మాట్లాడుకునే వైర్‌లెస్ పద్ధతి. అదీ, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒకే రేడియో బ్యాండులో నడుస్తాయి. రెండూ ఢీకొంటే ముందు దెబ్బతినేది జిగ్బీయే. రూటర్లో వైఫైని 'ఆటో'లో వదలకుండా ఛానెల్ 1, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. జిగ్బీకి ఛానెల్ 25 ఇవ్వండి. పరికరాలు జత చేయకముందే ఈ పని చేయాలి. తర్వాత మారిస్తే బ్యాటరీ సెన్సర్లు కొన్ని మళ్లీ జత చేయాల్సి వస్తుంది.

జిగ్బీ డాంగిల్‌ని (సెన్సర్ల సిగ్నల్ అందుకోవడానికి కంప్యూటరుకు పెట్టే యూఎస్‌బీ పుల్లని) నీలం యూఎస్‌బీ 3 పోర్టుకు నేరుగా గుచ్చొద్దు, ఆ పోర్టు చేసే రేడియో రొదలో సిగ్నల్ మునిగిపోతుంది. మీటరు పొడవు యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెట్టండి.

కడప, కర్నూలు పాత మిద్దెల్లో మందపాటి రాతిగోడను సిగ్నల్ సరిగా దాటదు. వాకిలికి ఎదురుగా జిగ్బీ స్మార్ట్ ప్లగ్ ఒకటి పెడితే అది అందుకుని అవతలి గదికి పంపుతుంది. బ్యాటరీ సెన్సర్లు ఆ పని చేయవు. ప్లగ్గు మాత్రం ఇన్వర్టర్ లైను మీదే ఉండాలి, లేదంటే కరెంటు పోగానే ఆ గది సెన్సర్లన్నీ తెగిపోతాయి.